తూములూ, తాళంచెవులూ

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కార్యవర్గంవారు అడిగినప్పుడు మేము కొంచెం వెనకాడిన మాట నిజం. మేమంటే బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి చదువుకుని పోయి, హైదరాబాదులోను బెంగుళూరులోను కంప్యూటరు ఉద్యోగాలు చేసుకుంటున్న నలుగురైదుగురం. సెలవులకు వచ్చినప్పుడు సంఘం పనిలో ఒక చెయ్యి వేస్తుంటాము. ఈ వేదిక మీద ప్రతి యేడూ పిల్లల చదువు గురించి, వడ్డీ లేని అప్పుల గురించి పెద్దలు మాట్లాడుతుంటారు. మా పని గురించి చెప్పబోతే మా ఇంట్లోవాళ్ళే "ఏమిటో, నీ కంప్యూటరు గోల" అని లేచి వెళ్ళిపోతారు. అయినా పోయిన యేడాది మన విద్యార్థి వేతనాల రిజిస్టరు విషయంలో ఒక పొరపాటు జరిగింది. అది సభవారికి చెప్పుకోవలసిన బాధ్యత మా మీద ఉన్నది. ఆ పొరపాటు ఇంకెవరిదో కాదు, మాదే. దాన్ని పట్టి ఇచ్చిన పనిముట్టు ఎటువంటిదో, అది మన పిల్లలకు ఎందుకు పనికొస్తుందో కూడా మనవి చేస్తాము.

ముందు ఏపీఐ అనే మాట సంగతి చూద్దాం. మూడక్షరాల మాట. దాన్ని తెలుగు చేయబోతే ఇంకా కష్టమవుతుంది, వదిలేద్దాం. మనం కాలువ కింద బతికేవాళ్ళం గనుక కాలువతోనే చెప్పుకుందాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు పులిగడ్డ అక్విడక్టు మీదుగా కృష్ణ పాయను దాటి దివిసీమ పొలాలకు వస్తాయి. నాట్లకు నీళ్ళు కావలసిన రైతు బెజవాడ పోయి బ్యారేజీ గేట్లు ఎత్తడు గదా. తన పొలానికి దగ్గరున్న తూము దగ్గరకే పోతాడు. అక్కడ లస్కరు ఉంటాడు, షట్టరు ఉంటుంది, ఎవరికి ఎప్పుడు ఎంత అనే వంతు ఉంటుంది. కంప్యూటర్లలోనూ అంతే. లెక్కలన్నీ ఎక్కడో ఒక పెద్ద యంత్రంలో ఉంటాయి, దాన్ని సర్వరు అంటారు. మన చేతిలోని ఫోను ఆ గిడ్డంగిలోకి దూరదు. దాని గోడకు పెట్టిన తూము దగ్గర నిలబడి, ఫలానాది ఇప్పించండి అని అర్జీ పెడుతుంది. లోపలినుంచి జవాబు వస్తుంది. ఆ తూము పేరే ఏపీఐ. 2016లో వచ్చిన యూపీఐని ఇవాళ రాబర్ట్‌సన్‌పేట కూరగాయల బండి దగ్గర కూడా వాడుతున్నాం. అందులోని చివరి 'ఐ'కీ, ఏపీఐలోని చివరి 'ఐ'కీ మాట ఒకటే: ఇంటర్‌ఫేస్. 2024లో కేంద్ర ప్రభుత్వంవారు పెట్టిన హజ్ సువిధ యాప్‌ను కొందరు హాజీలు వాడే ఉంటారు. మీరు తెర మీద వేలు పెట్టిన ప్రతిసారీ వెనకాల ఇటువంటి తూము ఒకటి తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటుంది.

అర్జీలు ముఖ్యంగా రెండు మూడు రకాలు. ఉన్నది చూపించమనేది గెట్. కొత్తది రాసుకోమనేది పోస్ట్. కొట్టివేయమనేది డిలీట్. జవాబుతోపాటు ఒక అంకె వస్తుంది. 200 అంటే అంతా సవ్యం. 404 అంటే నీవడిగినది ఇక్కడ లేదు. 401 అంటే నీవెవరో రుజువు చూపలేదు. 500 అంటే లోపలే ఏదో విరిగింది. మేము ఉద్యోగంలో పగలంతా చూసేది ఈ అంకెలనే. పెళ్ళిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే ఇది చెప్పలేక, సాఫ్ట్‌వేర్ అని ఊరుకుంటాము.

ఇక రిజిస్టరు సంగతి. ఇన్నేళ్ళూ మన సంఘం విద్యార్థి వేతనాల దరఖాస్తులు బీరువాలోని దస్త్రాలలో ఉండేవి. వాటిని కంప్యూటరుకు ఎక్కించమన్నారు. సెలవు దినాల్లో కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాము రాశాము. దరఖాస్తుకు ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు కింద విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఇంటి రాబడి, ఫోను నంబరు, తండ్రి లేని పిల్లలైతే ఆ సంగతి, ఇంటి అప్పుల వివరం అన్నీ ఉంటాయి. కార్యదర్శిగారు తమ రహస్య పదం ఇస్తే తెర మీద జాబితా కనిపిస్తుంది, ఇవ్వకపోతే కనిపించదు. మేము అది చూసుకుని తృప్తి పడ్డాము.

ఒక ఆదివారం డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మన అమ్మాయి ఒకతె, పని నేర్చుకుందామని వచ్చి కూర్చుంది. తెర సంగతి వదిలిపెట్టి, తూము దగ్గరకే నేరుగా అర్జీ పంపే పనిముట్టు ఒకటి ఆమెకు చూపించాము. 41వ నంబరు దరఖాస్తు అడిగితే వచ్చింది. ఆమె ఊరుకోలేదు. 41 తీసి 42 వేసింది. వచ్చింది. తరువాత తాళంచెవి, అంటే రహస్య పదం బదులు పంపే గుర్తు ముక్క, దాన్ని పూర్తిగా తుడిచివేసి మళ్ళీ పంపింది. 401 రావాలి. 200 వచ్చింది! దానితోపాటు ఒక వితంతు తల్లి రాసుకున్న ఇంటి కష్టమంతా అక్షరం పొల్లుపోకుండా తెర మీదికి వచ్చింది. "ఇది ఎవరైనా చూడొచ్చా, భాయ్?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ముందు తలుపుకు తాళం వేసి వెనుక తూము తెరిచిపెట్టాము. ప్రోగ్రాములో ఒక్క వరుస మరచిపోయాము. అర్జీ పెట్టినవారు ఎవరో అడుగు అనే వరుస అది. దానికి తోడు, పరీక్షకు ఉత్తుత్తి పేర్లు వాడవలసింది పోయి, బద్ధకించి 60 నిజమైన దరఖాస్తులు ఎక్కించి కూర్చున్నాము. సర్వరు చిట్టాలన్నీ తీసి చూస్తే మేము తప్ప మరెవరూ ఆ తూము తట్టిన జాడ లేదు, అల్‌హందులిల్లాహ్. అదే రాత్రి సవరించి, మూడు విధాలుగా పరీక్షించి, మరునాడు కార్యదర్శిగారికి సంగతి చెప్పాము. ఆయన కోప్పడలేదు. "బీరువా తాళం నేను జేబులో పెట్టుకుని తిరిగేది ఎందుకనుకున్నారు?" అని మాత్రం అన్నారు. అమానత్ అనే మాట ఆయన నోట రాలేదు గాని, మాకు వినిపించింది.

పెడనలో కలంకారీ అచ్చు కొత్తగా చెక్కిస్తే, ముందు ఒక ముక్క గుడ్డ మీద కొట్టి చూస్తారుగాని తాను మొత్తం మీద కొట్టరు. ఆ ముక్క గుడ్డ వంటిదే ఈ పనిముట్టు. ఏపీఐ క్లయింట్ అంటారు. యాప్ రాకముందే, తెర తయారు కాకముందే, తూము ఒక్కటే సరిగా ఉన్నదో లేదో దీనితో చూసుకోవచ్చు. చిరునామా రాయడానికి ఒక గడి, గెట్టో పోస్టో ఎంచుకోవడానికి ఒక గడి, పంపు అనే మీట, కింద జవాబు, జవాబు రావడానికి పట్టిన కాలం. చూడడానికి ఇంతే.

దీనికీ ఒక చరిత్ర ఉన్నది. స్వీడన్ దేశస్థుడు డేనియల్ స్టెన్‌బర్గ్ 1990ల చివర కర్ల్ అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. మొదట్లో ఆయనకు కావలసింది విదేశీ కరెన్సీ మారకపు ధరలు తెచ్చుకోవడం. 1998లో దానికి ఆ పేరు పెట్టాడు. ఇవాళ అది ప్రపంచంలో లేని యంత్రం అరుదు. అయితే అది నల్ల తెర మీద ఆజ్ఞలు టైపు చేసే పద్ధతి. కొత్తవాళ్ళకు కొరుకుడు పడదు. 2012లో అభినవ్ అస్థానా అనే మన దేశపు ఇంజనీరు, బ్రౌజరుకు తగిలించుకునే పోస్ట్‌మ్యాన్ అనే పనిముట్టు తయారు చేశాడు. 2014లో అది బెంగుళూరులో కంపెనీ అయింది, ప్రపంచమంతా పాకింది. గ్రెగరీ షియర్ ఒక్కడే మొదలుపెట్టిన ఇన్‌సోమ్నియా అనేది మరొకటి. దాన్ని 2019లో కాంగ్ అనే కంపెనీ కొన్నది. కేరళ కుర్రవాడు లియాస్ థామస్ 2019లో మొదలుపెట్టినది హాప్‌స్కాచ్. ఈ రంగంలో మన దక్షిణాదివాళ్ళ చేయి తక్కువేమీ కాదు.

మరి ఇన్ని ఉండగా ఇంకొకటి ఎందుకు? ఇక్కడే అసలు విషయం ఉన్నది.

ఇటువంటి పనిముట్టు దగ్గర మనం దాచేది చిరునామాలు మాత్రమే కాదు, తాళంచెవులు కూడా. ఒక బ్యాంకు తూము, ఒక ఆసుపత్రి తూము పరీక్షించేవాడి పనిముట్టులో ఆ బ్యాంకు తాళంచెవి, ఆ ఆసుపత్రి తాళంచెవి ఉంటాయి. కంపెనీలు పెరిగినకొద్దీ ఆ సామానంతా తమ సర్వర్లలో దాస్తామన్నాయి. ఎక్కడ కూర్చున్నా తెరుచుకోవచ్చు, నలుగురూ కలిసి పనిచేసుకోవచ్చు అని వారి వాదం. అందులో సౌకర్యం లేకపోలేదు. 2023లో పోస్ట్‌మ్యాన్‌వారు ఖాతా లేకుండా సొంత యంత్రంలోనే పని దాచుకునే స్క్రాచ్ ప్యాడ్ అనే వసతి తీసివేశారు. అదే యేడు సెప్టెంబరులో ఇన్‌సోమ్నియా ఎనిమిదో ప్రతి వచ్చి, ఖాతా తెరవాలన్నది. వాడేవాళ్ళు గగ్గోలు పెట్టారు. ఇన్‌సోమ్నియావారు కొద్ది కాలంలోనే సొంత యంత్రంలో దాచుకునే దారి మళ్ళీ కల్పించారు. ఎవరినీ దొంగలనడం మా ఉద్దేశం కాదు. మన పెట్టె తాళం ఒకరి ఇంట్లో ఉంటే, వారి ఇంటి పద్ధతి మారిన రోజున మనమూ మారక తప్పదు, అంతవరకే చెబుతున్నాము.

మాలో ఒకరికి ఇది స్వయంగా అనుభవమయింది. ఏ పనిముట్టో, ఏ కంపెనీయో చెప్పము. ఒక సోమవారం పొద్దున ఆఫీసుకు పోయి తెరిస్తే, రెండేళ్ళుగా కూడబెట్టుకున్న పరీక్షలన్నీ ఒక లాగిన్ గడి వెనకాల నిలబడి ఉన్నాయి. ఆ ఆఫీసులో బయటి సర్వర్లకు ఏదీ పంపరాదని నియమం. లాగిన్ అయితే నియమం పోతుంది, కాకపోతే పని పోతుంది. ఆ రోజంతా తల పట్టుకుని కూర్చున్నాడు పాపం.

బ్రూనో అనే క్లయింట్ గురించి మేము విన్నది ఆ రోజుల్లోనే. అనూప్ ఎం.డి. అనే మన దేశపు యువకుడు మొదలుపెట్టినది. 2023లో ఇండియా ఫాస్ అనే ఓపెన్ సోర్స్ మహాసభలో దీని గురించి ఆయన ప్రసంగం కూడా ఉన్నది. మన రిజిస్టరు తప్పు పట్టింది కూడా దీనితోనే. దీనిలో మొదటి కట్టుబాటు ఏమంటే, అంతా మన యంత్రంలోనే ఉంటుంది. ఖాతా లేదు, లాగిన్ లేదు. మన అర్జీలు వారి సర్వరుకు పోవు. రెండోది, దీని లోపలి రాత అంతా బహిరంగం. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. "మేము తాళంచెవి ఎక్కడికీ పంపడం లేదు" అని వారు చెబితే నమ్మనక్కరలేదు, తెరిచి చూసుకోవచ్చు. దాని లోపలంతా చదివే ఓపిక మాకూ లేదని ఒప్పుకుంటాము. కాని చదివేవాళ్ళు ప్రపంచంలో కొందరు ఉన్నారు. చదువుతారన్న భయం రాసేవాడికి ఉంటుంది.

బ్రౌజరులోనే ఎందుకు పెట్టకూడదు, వేరే ప్రోగ్రాము ఎందుకని కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. బ్రౌజరుకు ఒక కట్టుబాటు ఉన్నది. ఒక చోటి నుంచి వచ్చిన పేజీ మరొక చోటి తూమును, ఆ తూమువారి అనుమతి లేకుండా తట్టి జవాబు చదవకూడదు. అది మన మేలుకే. లేకపోతే ఏదో సినిమా పాటల పేజీ తెరిస్తే, అది వెనకాల మన బ్యాంకు తూము తట్టగలదు. కాని పరీక్షించేవాడికి ఆ కట్టుబాటే అడ్డు. పైగా వాడి దగ్గర సగం పని సొంత యంత్రంలోనే నడుస్తున్న సర్వరుతో ఉంటుంది. అందుకని యంత్రంలో స్వయంగా కూర్చునే ప్రోగ్రాము కావాలి. విండోసుకు ఒకటి, మ్యాకుకు ఒకటి, లినక్సుకు ఒకటి మూడుసార్లు రాయాలంటే ఒక్కడి వల్ల కాదు. దానికి ఎలక్ట్రాన్ అనే చట్రం ఉన్నది. 2013లో గిట్‌హబ్‌వారు తమ ఎడిటరు కోసం మొదలుపెట్టినది. వెబ్ పేజీలు రాసే భాషతోనే రాసి, దానిలో బిగిస్తే మూడింటిలోనూ నడుస్తుంది. బ్రూనో కూడా దానిలో బిగించినదే. దీనివల్ల ఒక చిక్కూ ఉంది. ప్రతి ప్రోగ్రాముతోనూ ఒక బ్రౌజరు మొత్తాన్ని మోసుకు తిరిగినట్టు అవుతుంది, మెమరీ మింగుతుంది. మన సంఘం గదిలోని పాత లాప్‌టాపులో తెరిస్తే ఫ్యాను పిండిమర లాగా మోగుతుంది.

బ్రూనోలో మాకు బాగా నచ్చినది దాచే పద్ధతి. ఒక్కొక్క అర్జీ ఒక్కొక్క ఫైలు. మామూలు అక్షరాలతో రాసిన ఫైలు, నోట్‌ప్యాడులో తెరిచినా చదవవచ్చు. దానికోసం బ్రూ అనే చిన్న రాత పద్ధతి కల్పించారు. పేరు ఒక ఫ్లవర్ బ్రాకెట్లో, చిరునామా ఒక ఫ్లవర్ బ్రాకెట్లో, జవాబు ఎలా ఉండాలనే పరీక్షలు మరొక దానిలో. ఒక ఫోల్డరులో పెట్టుకుంటే సరి. రేపు బ్రూనో లేకపోయినా మన ఫైళ్ళు మనకు ఉంటాయి, వాటిలో ఏముందో మనిషి కంటికి అర్థమవుతుంది. మన పెద్దలు దస్తావేజులను తమకు చదవవచ్చే భాషలో రాయించుకోవాలని పట్టుబట్టేవారు గదా, అదే తెలివి.

"మన యంత్రంలోనే" అంటే ఒక ప్రశ్న వస్తుంది. వేరే ఊళ్ళో అయితే రాకపోవచ్చు గాని ఈ సభలో తప్పక వస్తుంది. దివిసీమవారికి 1977 నవంబరు 19 గురించి మేము చెప్పనక్కరలేదు. ఆ ఉప్పెనలో పోయిన ప్రాణాల ముందు కాగితాలు ఒక లెక్క కాదు. అయినా పట్టాలు, పాసు పుస్తకాలు, స్కూలు సర్టిఫికెట్లు ఇంట్లో పెట్టెలోనే ఉంచుకుని, పెట్టెతో సహా పోగొట్టుకుని, ఆ తరువాత ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాల గురించి మనం వింటూ పెరిగాము. సొంత పెట్టె ఒక్కటే చాలదని మన సీమకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

దీనికి సమాధానం గిట్ అనేది. లినక్స్ సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారు చేశాడు. ఒక ఫోల్డరును, దానిలో ఎప్పుడు ఎవరు ఏ మార్పు చేశారో ఆ చరిత్రతో సహా, ఎన్ని యంత్రాల్లోనైనా నకళ్ళు ఉంచుకోవచ్చు. బ్రూనో అర్జీలు మామూలు ఫైళ్ళు గనుక గిట్‌లో చక్కగా ఇముడుతాయి. ఇప్పుడు మన రిజిస్టరు పరీక్షల నకలు ఒకటి బందరులో, ఒకటి గుడివాడలో, ఒకటి హైదరాబాదులో ఉన్నది. కంపెనీ సర్వరే అవసరం లేకుండా ముగ్గురమూ కలిసి పనిచేస్తున్నాము.

అయితే గిట్ ఏది ఇస్తే దాన్ని నకలు తీస్తుంది, తాళంచెవి ఇచ్చినా తీస్తుంది. చరిత్రలోకి ఒకసారి ఎక్కినది తుడవడం బహు కష్టం. అందుకని తాళంచెవులను వేరే ఫైలులో పెట్టి, దీన్ని నకలు తీయవద్దు అని ముందే చెప్పి ఉంచాలి. బ్రూనోలో రహస్యమని గుర్తు పెట్టిన విలువ ఆ ఫైళ్ళలోకి ఎక్కదు. ఇంత తెలిసీ మాలో ఒకరు రెండో వారంలోనే పరీక్ష తాళంచెవిని అర్జీలోనే అతికించి పంపారు. గంటలో కొత్త చెవి చేయించాము. పాతదాన్ని తుడవడానికి తంటాలు పడేకంటే తాళం మార్చడమే సులువు.

ఇంకొక ప్రమాదం కూడా పిల్లలు తెలుసుకోవాలి. ఈ అర్జీల ఫైళ్ళలో చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా రాసుకోవచ్చు. ఎవరో ఇచ్చిన ఫోల్డరు తెరిచి పంపు అని నొక్కితే, అందులో దాగిన ప్రోగ్రాము మన యంత్రంలో నడుస్తుంది. అందుకని బ్రూనోలో సేఫ్ మోడ్ అని ఒకటి పెట్టారు. అందులో ఆ ప్రోగ్రాము మన ఇతర ఫైళ్ళ జోలికి పోలేదు. తెలియనివారి ఫోల్డరు అందులోనే తెరవండి.

ఉచితంగా ఇస్తే వారు తినేదేమిటి అని మన వ్యాపారస్థులు అడుగుతారు. సరైన ప్రశ్నే. చలివేంద్రంలో నీళ్ళు తాగేవాడు డబ్బివ్వడు గాని, కుండ నింపేవాడికి ఎవరో కూలి ఇవ్వాలి. బ్రూనో మూల భాగం ఎంఐటీ లైసెన్సు కింద ఉన్నది. అది ఒక పేజీకి మించని ఒప్పందం. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి, మా పేరూ ఈ ఒప్పందమూ తీసివేయకండి, నష్టం వస్తే మమ్మల్ని అడగకండి. అంతే. పెద్ద కంపెనీలకు కావలసిన అదనపు వసతులతో డబ్బు తీసుకునే ప్రతులు వేరే అమ్ముతున్నారు. రేపు ఆ హద్దు అటు జరుగుతుందా ఇటు జరుగుతుందా అనేది చెప్పలేము. కాని ఇప్పటివరకు బయటపెట్టిన రాతను వెనక్కు తీసుకోలేరు, అది మన దగ్గరా ఉన్నది. ఇంకొక మాట. దొంగ ప్రతులు, తాళం పగలగొట్టిన ప్రతులు మన కుర్రవాళ్ళ లాప్‌టాపుల్లో మేము చూస్తూనే ఉన్నాము. ధర్మంగా ఉచితంగా దొరికేది ఉండగా దానికెందుకు పోవాలి?

ఇప్పుడు తల్లిదండ్రులతో మాట. బీటెక్ అయిపోయి, ఉద్యోగం రాక, అమీర్‌పేటలో హాస్టలు అద్దె కడుతున్న పిల్లలు ఈ సభలో ప్రతి వరసలోనూ ఎవరో ఒకరికి ఉన్నారు. ఎక్కడికి పోయినా అనుభవం ఉందా అని అడుగుతారు. అనుభవం లేనిదే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేనిదే అనుభవం లేదు. అప్పుడు ఎవరో వచ్చి, ఇంత కడితే మూడేళ్ళ అనుభవం కాగితం ఇప్పిస్తామంటారు. తల్లి గాజులు పోతాయి. ఆ కాగితం ఆరు నెలలకో యేడాదికో విచారణలో బయటపడుతుంది, వచ్చిన ఉద్యోగం పోతుంది. మనది చిలకలపూడి పక్క ఊరు. రోల్డు గోల్డు నగను రోల్డు గోల్డు అని చెప్పి అమ్మితే గౌరవమైన వ్యాపారమే, దానిమీద ఎన్ని వందల ఇళ్ళు బతుకుతున్నాయో మనకు తెలుసు. బంగారమని చెప్పి అమ్మితేనే తప్పు.

ఓపెన్ సోర్సులో చేసిన పని ఎవరి సంతకం లేకుండానే కనిపిస్తుంది. ఏ తేదీన ఏ వరుస మార్చారో, దానిమీద ఎవరు ఏమని ఆక్షేపించారో, చివరికి ఒప్పుకున్నారో లేదో అంతా బహిరంగం. ఉద్యోగమిచ్చేవాడు తెరిచి చూసుకోవచ్చు. దానికి సిఫారసు అక్కరలేదు, ఊరు అడగరు, కాలేజీ పేరు అడగరు. ఉద్యోగం తప్పక వస్తుందని మేము హామీ ఇవ్వడం లేదు, అలా చెబితే మేమూ ఆ కాగితాలవాళ్ళలాగే అవుతాము. మాలో ఒకరికి మాత్రం ఇంటర్వ్యూలో అరగంటసేపు అడిగింది తాను ఇలా సవరించిన ఒక చిన్న తప్పు గురించే.

మొదటిరోజే పెద్ద ప్రోగ్రాము రాయనక్కరలేదు. తప్పు ఎక్కడ వస్తున్నదో వరుసగా, ఎవరు చేసినా మళ్ళీ వచ్చేటట్టు వివరించి రాయడమే గొప్ప సాయం. ఇందులో మనకు మాత్రమే తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మనలో షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అనేవి కొన్ని కాగితాల్లో ఇంటిపేర్లు, కొన్నింట్లో పేరులో భాగం. మొహమ్మద్ అనే ఒక్క పేరే ఇంగ్లీషులో ఐదారు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే తూము ఏమంటుంది? తెలుగు అక్షరం ఒక్కొక్క గుర్తుకు కంప్యూటరులో మూడు బైట్లు పడుతుంది, ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. బైట్లు లెక్కపెట్టి గడి కొలిచినవాడి దగ్గర మన పేరు మధ్యలో తెగుతుంది. ఉర్దూ పేరు కుడినుంచి ఎడమకు నడుస్తుంది, దాని పక్కన తెలుగు పేరు, ఫోను నంబరు ఉంటే జవాబు తెర మీద ఏది ముందు కనిపిస్తుంది? ఇవి ఎక్కడో కూర్చున్నవాడికి తోచవు. మన పిల్లలకు ఇంట్లోనే ఎదురయ్యేవి. ఇటువంటి పరీక్షలు రాసి ఇవ్వడానికి బందరులో కూర్చున్నా చాలు.

మరీ ముఖ్యంగా, ఎవరి తూము పడితే వారి తూము తట్టవద్దని పిల్లలకు గట్టిగా చెబుతున్నాము. సొంతదాన్ని పరీక్షించండి, అనుమతి ఇచ్చినవారిదాన్ని పరీక్షించండి. 41ని 42 చేయడం మన రిజిస్టరులో సేవ, ఇంకొకరి రిజిస్టరులో నేరం.

ఇన్షా అల్లాహ్ వచ్చే నెల నుంచి ఆదివారాలు జొహర్ నమాజు తరువాత సంఘం గదిలో రెండు గంటలు కూర్చుందామనుకుంటున్నాము. రెండు యంత్రాలు ఉన్నాయి, మూడోదానికి దాత ఎవరైనా ముందుకొస్తే మంచిదే. అమ్మాయిలకు పొద్దుటిపూట వేరే సమయం పెట్టమని తల్లులు అడిగారు, అలాగే పెడతాము. 42వ నంబరు అడిగిన అమ్మాయే ఆ తరగతి చూస్తానన్నది. రుసుము లేదు.

ఇక ఆ 60 దరఖాస్తుల కుటుంబాలవారు. మీ వివరాలలో ఏమి రాసి ఉన్నదో, ఇప్పుడు ఎవరెవరు చూడగలరో తెలుసుకోవాలంటే, సభ ముగిశాక కార్యదర్శిగారి గదికి రండి. ఇతరుల వివరాలు కనిపించకుండా మీవి మీకే చూపిస్తాము. తాళంచెవి లేకుండా అడిగితే 401 వస్తుందో లేదో, మీ ఎదుటే పంపి చూపిస్తాము.

సెలవు. వస్సలాం.